కత్తి కింద కనిపించే చుట్టరికం

మనిషి కంటిని అటూ ఇటూ తిప్పే కండరాలు ఆరు. నాలుగు నిటారువి, రెండు ఏటవాలువి. కాకినాడ రేవులో దొరికే మూరెడు సొర కంటికీ ఆరే. అక్కడా నాలుగు నిటారువే, రెండు ఏటవాలువే. వాటిని ఆడించే నాడులు రెండుచోట్లా మూడే. మూడో కపాలనాడి నాలుగు కండరాలను చూసుకుంటుంది. నాలుగో నాడి ఒక్క పై ఏటవాలు కండరానికే వెళుతుంది. ఆరో నాడికి బయటి నిటారు కండరం తప్ప వేరే పని లేదు. డాక్టరు మన ముఖం ముందు వేలు ఆడిస్తూ "తల కదపకుండా వేలినే చూడండి" అన్నప్పుడు పరీక్షకు నిలబడేవి ఈ మూడు నాడులే. కపాలనాడుల్లో నాలుగోది ఒక్కటే మెదడు వీపు వైపు నుంచి బయటికి వస్తుంది. మనలోనూ అంతే, సొరలోనూ అంతే. సొరల వంశమూ మన వంశమూ వేరుపడి 40 కోట్ల ఏళ్లు దాటినా ఈ అమరిక చెక్కుచెదరలేదు.

ఈ మాట పుస్తకంలో చదివితే ఒక సమాచారం. మైనపు ట్రేలో పిన్నులు గుచ్చిపెట్టిన సొర తలలో ఆ ఆరు కండరాలనూ ఒక్కొక్కటిగా ఫోర్సెప్స్‌తో ఎత్తి చూస్తే మాత్రం చాలాసేపు మాట రాదు. కోస్తాలోని ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పిల్లల చేత కప్పనూ, సొరనూ, తొండనూ, ఎలుకనూ కోయించినదాన్ని. ఆ కోతలు ఇప్పుడు మన కాలేజీల్లో లేవు. ఉండాలని నేనూ అనను. అయితే ఆ బల్లల దగ్గర నేర్చుకున్న ఒక చూపు ఉంది. కోతతో పాటు అదీ పోతుందేమోనన్న బెంగతోనే ఇది రాస్తున్నాను.

ఆ చూపు పేరు తులనాత్మక శరీర నిర్మాణ శాస్త్రం. ఒక జంతువులో ఏ అవయవం ఎక్కడుందో తెలుసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఒకే అవయవాన్ని చేపలో, కప్పలో, బల్లిజాతిలో, పక్షిలో, పాలిచ్చే జంతువులో వరుసగా చూసుకుంటూ వెళ్లడం అసలు పని. ఏది మారింది, ఏది మారలేదు, మారినది దేని నుంచి మారింది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. 1555లో ఫ్రాన్సుకు చెందిన పియర్ బెలాన్ పక్షుల మీద రాసిన పుస్తకంలో మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కనే బొమ్మ వేయించి, ఏ ఎముకకు ఏది జోడో అక్షరాలతో గుర్తులు పెట్టాడు. పరిణామవాదం ఇంకా రూపు దిద్దుకోని రోజులవి. 1843లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ ఆ జోడీలకు ఒక నిర్వచనం ఇచ్చాడు. ఆకారం ఎంత మారినా, చేసే పని ఎంత మారినా, వేర్వేరు జంతువుల్లో ఉన్నది అదే అవయవమైతే వాటిని నిర్మాణసామ్య అవయవాలు అనాలన్నాడు. ఈ సామ్యం ఎందుకు వచ్చిందన్నదానికి ఉమ్మడి పూర్వీకులే కారణమని 1859లో డార్విన్ చెప్పాడు. ఓవెన్ మాత్రం డార్విన్ వాదాన్ని ఒప్పుకోలేదు.

మన దేశంలో సొరను డిగ్రీ బల్లల మీదికి తెచ్చినవాళ్లలో ఒక మహిళను తప్పక తలుచుకోవాలి. లక్నోలో ప్రొఫెసర్ కె.ఎన్. బాల్ భారతీయ జంతువుల మీద ఒక్కోదానికి ఒక్కో పుస్తకం చొప్పున ఒక వరుస వెలువరించారు. అందులో సొర మీది పుస్తకం 1928లో వచ్చింది. రాసినది ఇ.ఎం. తిల్లయంపలం. అంతకుముందు మన పిల్లలు ఇంగ్లండు సముద్రాల డాగ్‌ఫిష్ బొమ్మలు చూసి చదువుకునేవాళ్లు. మన తీరంలో దొరికే స్కోలియోడాన్ అనే సొరకు ఒక పుస్తకం ఉండటం ఎంత పెద్ద విషయమో పాఠం చెప్పినవాళ్లకు తెలుస్తుంది. బొమ్మలో ఉన్నదే ట్రేలోనూ ఉంటుంది.

సొరనే ఎందుకు ఎంచుకున్నారంటే దానికి ఎముకలు లేవు. అస్థిపంజరమంతా మృదులాస్థి. కపాలాన్ని రంపంతో కోయనక్కరలేదు, స్కాల్పెల్‌తో లేత కొబ్బరిలా పలచగా చెక్కుకుంటూ పోవచ్చు. నాడులు లావుగా, తెల్లగా ఉంటాయి. పైగా రేవులో వలకు చచ్చి వచ్చినవే కొనేవాళ్లం కాబట్టి మా చేతుల్లో చావవలసిన పని లేదు. మా ల్యాబ్ అటెండరు తెల్లవారుజామున రేవుకు వెళ్లి గోనెసంచిలో తెచ్చేవాడు. ఒకసారి నేనూ వెంట వెళితే చేపలమ్మే ఆవిడ "పిట్టుకా అమ్మగారూ? బాలింత ఉందా ఇంట్లో?" అని ఆప్యాయంగా అడిగింది. కాదు, కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడానికి అంటే, సంచిలో ఇంకో రెండు వేసి "చదువుకే కదా, తీసుకెళ్లండి" అంది. డబ్బు తీసుకోలేదు.

అయిదో, ఏడో, తొమ్మిదో, పదో కపాలనాడులను బయటపెట్టడం డిగ్రీ ప్రాక్టికల్స్‌లో అందరికీ దడ పుట్టించే ప్రశ్న. ముందు తల మీది చర్మం ఒలవాలి. కంటిగుంట పైభాగాన్ని చెక్కాలి. కంటి మీదుగా ముక్కు వైపు పోయే నాడి శాఖ కనిపిస్తుంది. అక్కడితో తొందరపడి కత్తెర వేస్తే అంతా పోయినట్టే. కంటి కండరాలను ఒక్కొక్కటే తప్పించి, గుంట అడుగున విచ్చుకునే అయిదో నాడి కొమ్మలు చూడాలి. ఒకటి పైదవడకు, ఒకటి కింది దవడకు వెళుతుంది. దాని వెనకే ఏడో నాడి పెద్ద కొమ్మ దవడ వెనక ఉన్న హయాయిడ్ చాపంలోకి దిగుతుంది. ఇంకా వెనక్కి పోతే తొమ్మిదో నాడి. అది మొదటి మొప్ప చీలిక దగ్గర రెండుగా చీలి, ఒక పాయ చీలికకు ముందు, ఒక పాయ వెనక దిగుతుంది. మిగిలిన నాలుగు చీలికలకూ పదో నాడి, అంటే వేగస్, అదే పద్ధతిలో ఒక్కో కొమ్మ పంపుతుంది. ఆ తర్వాత అది గుండెకూ పొట్టకూ సాగిపోతుంది. ప్రతి నాడి కిందా నల్లకాగితం ముక్క దూర్చి, గుండుసూదికి చిన్న కాగితపు జెండా అంటించి పేరు రాయాలి. ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతూ ఉంటాయి.

మార్కుల కోసం ఇంత కష్టం ఎందుకని అడిగే పిల్లలకు నేను చెప్పే జవాబు చెవిలో ఉంది. మనిషి మధ్యచెవిలో మూడు బుల్లి ఎముకలు ఉన్నాయని హైస్కూల్లో అందరూ చదువుతారు. కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి. కప్ప చెవి విప్పి చూస్తే ఒక్కటే ఎముక ఉంటుంది, దాన్ని కాలుమెల్లా అంటారు. మా రోజుల్లో దాన్ని తీసి స్లైడు మీద పెట్టడం చిన్న ప్రాక్టికల్. తొండలోనూ, కోడిలోనూ ఒక్కటే. ఎలుకకు వచ్చేసరికి మూడు. మరి ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చినట్టు?

దవడ నుంచి వచ్చాయి. తొండకూ కోడికీ కింది దవడ చివర ఒక చిన్న ఎముక, పైదవడ చివర ఒక చిన్న ఎముక కలిసి కీలు పడుతుంది. పాలిచ్చే జంతువుల్లో కింది దవడ మొత్తం ఒకే ఎముక, దాని కీలు వేరేచోట కపాలానికి తగులుతుంది. పాత కీలులోని రెండు ఎముకలూ నిరుద్యోగులై మాయమైపోలేదు. చిన్నవై, వెనక్కి జరిగి, చెవిలో చేరాయి. కింది దవడది కూటకం అయింది, పైదవడది దాగలి అయింది. మూడోదైన కర్ణాంతరాస్థి అంతకుముందే ఉన్నది. అది కప్ప కాలుమెల్లాకు జోడు, ఇంకా వెనక్కి పోతే సొరలో దవడను కపాలానికి ఆనించే హయాయిడ్ చాపపు ముక్కకు జోడు. 1837లో జర్మనీలో రైకర్ట్ పంది పిండాలను పరిశీలించి ఈ సంగతి బయటపెట్టాడు. ఎముక పిండంలో ముందు దవడ దగ్గరే పుట్టి, తర్వాత చెవికి చేరడం ఆయన కళ్లారా చూశాడు. తరవాతి కాలంలో రెండు కీళ్లూ ఒకేసారి పనిచేసిన జంతువుల శిలాజాలు కూడా దొరికాయి.

సొర నాడులు ఇక్కడే సాక్ష్యం చెబుతాయి. సొరలో దవడ అయిదో నాడి సొత్తు, హయాయిడ్ చాపం ఏడో నాడి సొత్తు అని చూశాం కదా. మన చెవిలో కూటకాన్ని లాగే ఒక చిన్న కండరం ఉంది. దానికి నాడి ఎక్కడిదంటే అయిదోది, నమిలే కండరాలకు వెళ్లే కొమ్మే. కర్ణాంతరాస్థిని లాగే ఇంకో కండరం ఉంది, శరీరంలోకెల్లా చిన్న ఎముకకు కట్టిన కండరం అది. దానికి నాడి ఏడోది. చెవిలో పక్కపక్కనే ఉన్న రెండు కండరాలకు రెండు వేర్వేరు నాడులు ఎందుకు రావాలి? ఒకటి ఒకప్పుడు దవడది, రెండోది హయాయిడ్‌ది కాబట్టి. ఎముక ఊరు మారింది, పని మారింది, నాడి మాత్రం పాత బంధం తెంచుకోలేదు. ఏడో నాడి దెబ్బతిని ముఖం ఒక పక్కకు వాలిపోయినవాళ్లలో కొందరికి ఆ వైపు చెవిలో మామూలు చప్పుడు కూడా భరించలేనంత పెద్దగా వినిపిస్తుంది. ఆ చిన్న కండరం పట్టు తప్పడం వల్లే అది. ఈ ముడిని విప్పగలిగిన విద్యార్థి నాడుల పేర్లు బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

పోలిక చూడగానే చుట్టరికం అనుకోవడానికీ వీల్లేదు. బొచ్చె, శీలావతి లాంటి మంచినీటి చేపల్లో గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఒకటి ఉంటుంది. నీటిలోని శబ్దానికి గాలితిత్తి కంపిస్తే ఆ గొలుసు కంపనాన్ని చెవికి చేరవేస్తుంది. 1820లో దీన్ని వర్ణించిన వెబర్ అవి మన చెవి ఎముకలే అనుకుని అవే పేర్లు పెట్టాడు. అవి వెన్నెముక ముందు పూసల నుంచి ఏర్పడినవని తర్వాత తేలింది. పని ఒకటే, పుట్టుక వేరు. ఇలాంటి వాటిని క్రియాసామ్య అవయవాలు అంటారు. రెండింటికీ తేడా పట్టుకోవడమే ఈ శాస్త్రంలో సగం విద్య.

గుండె కథ కొంత క్లుప్తంగా చెబుతాను, చాలామంది చదివే ఉంటారు. సొర గుండె గొంతు కింద ఉంటుంది, ఒక కర్ణిక, ఒక జఠరిక. దాని నుంచి ముందుకు పోయే ఒక్క ధమని రెండు పక్కలా అయిదేసి కొమ్మలుగా మొప్పల్లోకి వెళుతుంది. కప్పలో పక్కకు మూడేసి ధమనీ చాపాలే మిగిలాయి. తొండలో శరీరానికి వెళ్లే చాపం కుడివైపూ ఎడమవైపూ ఉంటుంది. కోడిలో కుడిది మాత్రమే మిగిలింది, ఎలుకలోనూ మనలోనూ ఎడమది మాత్రమే మిగిలింది. ఈ ఒక్క వాక్యం నిజమని చూడటానికే మూడు రకాల జంతువుల ఛాతీలు తెరిచేవాళ్లం. మనిషి పిండంలోనూ మొదట జతలు జతలుగా చాపాలు ఏర్పడతాయి. ఆరో చాపపు ఎడమ ముక్క తల్లి కడుపులో ఉన్నంతకాలం ఊపిరితిత్తులకు పోవలసిన రక్తాన్ని దారి మళ్లిస్తుంది, పుట్టాక మూసుకుపోతుంది. అది మూసుకోని పిల్లల్లో కొందరికి చిన్నప్పుడే గుండె చికిత్స చేయవలసి వస్తుంది.

మారిన చాపాల వల్ల చిక్కుకుపోయిన నాడి ఒకటి ఉంది. సొరలో వేగస్ చివరి మొప్ప కొమ్మ ఆఖరి ధమనీ చాపం వెనకగా నేరుగా దిగుతుంది, అక్కడ అది దగ్గర దారే. మెడ పొడవై, గుండె ఛాతీలోకి దిగిన జంతువుల్లో ఆ చాపం కూడా కిందికి దిగింది. దాని వెనక ఉన్న నాడికి తప్పించుకునే దారి లేదు. అందుకే మన స్వరపేటికకు వెళ్లే ఎడమ నాడి మెడ దాటి ఛాతీలోకి దిగి, మహాధమనిని చుట్టి, మళ్లీ పైకెక్కి గొంతు చేరుతుంది. జిరాఫీలో ఆ చుట్టు నాలుగు మీటర్లు దాటుతుంది. థైరాయిడ్ ఆపరేషన్ చేసే సర్జన్ ఆ నాడి కోసమే జాగ్రత్తగా వెతుకుతాడు, అది తెగితే గొంతు బొంగురుపోతుంది. ఛాతీలో గడ్డ పెరిగిన రోగికి మొదట గొంతు మారడానికీ అదే కారణం కావచ్చు. ఎలుకలో శ్వాసనాళం పక్కన ఈ నాడిని భూతద్దం కింద చూడవచ్చు. చూసిన పిల్లలు మళ్లీ మళ్లీ పిలిచి చూపించేవాళ్లు.

ఇక కోతల నిషేధం సంగతి. యూజీసీ 2011లో జంతుశాస్త్రంలో డిసెక్షన్‌ను దశలవారీగా మానేయమని మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో డిగ్రీలోనూ పీజీలోనూ ఆపేయమంది. నా మటుకు అది న్యాయమైన నిర్ణయం. సొర మాట వేరు, కప్పల మాట వేరు. పొలాల్లో పట్టి తెచ్చిన కప్పలను క్లోరోఫాం సీసాలో వేసి, మనిషికి ఒకటి చొప్పున పంచేవాళ్లం. వాటిలో ఎక్కువ భాగం ఆ తర్వాత జీవశాస్త్రం వైపు చూడని పిల్లల మార్కుల కోసం పోయాయి. పైర్లను తినే పురుగులను కప్పలు తింటాయనే 1987లో ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతి ఆపింది. అదే కప్పను కాలేజీలు కోస్తూ ఉండటంలో అర్థం లేదు.

బాధ కలిగించేది ఆ తర్వాత జరిగినది. కోత ఆగగానే చాలాచోట్ల పోల్చి చూడటమూ ఆగింది. దాని స్థానంలో కంప్యూటర్ బొమ్మలు వచ్చాయి. వాటిలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నాడి పసుపుగా ఉంటుంది. ఒంట్లో ఆ రంగులు ఉండవు. పొరల మధ్య దాగిన నాడిని వేలి చివరతో, ఓపికతో వెతికి, ఇది నాడా, కండరపు అంచా అని తేల్చుకోవడంలోనే చదువు ఉండేది. బొమ్మ ఆ తేల్చుకోవడాన్ని ముందే చేసిపెట్టేస్తుంది. సహాయంగా వాడుకోండి, తప్పు లేదు. అదే పాఠం అనుకోకండి.

జంతువును చంపకుండా చూడగలిగింది ఇంకా చాలా ఉంది. కోడి రెక్క తీసుకోండి. మొదటి ముక్కలో ఒక్క ఎముక, అది భుజాస్థి. రెండో ముక్కలో రెండు, సన్నది రత్ని, లావుది అరత్ని. చివరి ముక్కలో అరచేయి ఎముకలు అతుక్కుపోయి, వేళ్లు మూడే మిగిలాయి. మీ చేయి పక్కన పెట్టుకుని వరుసగా తడిమి చూడండి. కాలిముక్కలో లావాటి ఎముక పక్కన సగం దాకా వచ్చి ఆగిపోయే పుల్ల ఒకటి ఉంటుంది, మన పిక్కలో నిండుగా ఉన్న రెండో ఎముక అదే. కోడి మోకాలు వెనక్కి వంగుతుందని అనుకుంటారు, వెనక్కి వంగేది దాని చీలమండ. పాయ వండేటప్పుడు మేక కాలు చూడండి. మేక నడిచేది మూడో, నాలుగో వేళ్ల కొసల మీద. ముందు కాలిలోని పొడవాటి ఎముక అరచేతిలోని రెండు ఎముకలు కలిసిపోయినది. ముందు కాలుకు మనం మోకాలు అనుకునేది దాని మణికట్టు.

హైదరాబాద్ వెళితే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టినది. పిల్లలు దాని ఎత్తు చూసి వచ్చేస్తారు. మీరు దాని ముందు కాలు దగ్గర ఆగి, భుజాస్థి ఎక్కడ, రత్ని ఏది, అరత్ని ఏది అని వాళ్లచేత చెప్పించండి.

కాలేజీల ప్రిన్సిపాళ్లకూ, జంతుశాస్త్రం చెప్పే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క విన్నపం. మీ ల్యాబుల్లో పాత అలమరలు ఉన్నాయి. వాటిలో వెనకటి మాస్టార్లు తయారుచేసిన కప్ప, తొండ, పావురం, కుందేలు అస్థిపంజరాలూ, సీసాల్లో నాడులతో సహా నిలవ ఉంచిన సొర తలలూ ఉన్నాయి. కొన్ని కాలేజీల్లో గది ఖాళీ చేయడానికి వాటిని చెత్తలో పారేస్తున్నారు. అవి ఇక మళ్లీ తయారు కావు. ఫార్మలిన్ మార్చండి, ఊడిన చీటీలు అంటించండి, తాళం తీసి పిల్లల ముందు వరుసగా పెట్టండి.